తెగిన కేబుల్ వైరుకు మెలి ముడి ఎందుకు సరిపోదు?

క్లుప్తంగా: టీవీకి సిగ్నల్ తెచ్చే కోయాక్సియల్ కేబుల్ తెగినప్పుడు లోపలి తీగను తీగతో, దాని చుట్టూ ఉన్న తీగల అల్లికను (జాలీని) జాలీతో మెలిపెట్టి టేపు చుడితే కరెంటు పారుతుంది కానీ సిగ్నల్ సాఫీగా సాగదు. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో, తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ఆ ముడి సరిపోయింది. ఇప్పటి డిజిటల్ చానెళ్లకు, డిష్‌లకు సరిపోవడం లేదు. దెబ్బతిన్న ముక్కను కోసేసి, కనెక్టర్లు వేసి జాయినర్‌తో కలపాలి. లోపలికి నీళ్లు దిగి ఉంటే వైరునే మార్చాలి.

కోతి లాగి తెంపుతుంది, లేదా పక్కింటి మిద్దె మీద పనిచేసేవాళ్ల పార తగులుతుంది. కర్నూలు పాతబస్తీ సందుల్లోనైనా, అనంతపురం శివారు కాలనీల్లోనైనా టీవీ కేబుల్ తెగే తీరు ఇంచుమించు ఇదే. ఇంట్లోవాళ్లో, వీధిలోని కరెంటు పనివాడో రెండు కొసలూ చెక్కి, మెలిపెట్టి, నల్ల టేపు చుడతారు. టీవీ పెడితే కొన్ని చానెళ్లు నిక్షేపంగా వస్తాయి. కొన్ని గళ్లుగళ్లుగా విడిపోతాయి. కొన్నింటికి 'నో సిగ్నల్' అని పడుతుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే బీప్ వినిపిస్తుంది, అంటే తీగలు కలిశాయి. మరి తేడా ఎక్కడ ఉంది?

ఫ్యాను వైరునూ కేబుల్ వైరునూ ఒకే కంటితో చూడటం వల్లే ఈ తికమక వస్తుంది. రెంటికీ పైకి నల్ల తొడుగే, లోపల రాగే. పని మాత్రం వేరు.

వైరులా కనిపించే గొట్టం

కోయాక్సియల్ కేబుల్‌ను అడ్డంగా కోస్తే లోపల వలయాలు కనిపిస్తాయి. నడిమధ్య ఒక రాగి తీగ, దాని చుట్టూ తెల్లటి ఫోమ్, ఫోమ్ మీద పల్చటి అల్యూమినియం రేకు, రేకు మీద సన్నటి తీగల అల్లిక అంటే జాలీ, అన్నిటికీ పైన ప్లాస్టిక్ తొడుగు. మన ఇళ్లలో ఎక్కువగా వాడే ఆర్‌జీ-6 రకంలో నడిమి తీగ సుమారు 1 మిల్లీమీటరు, ఫోమ్ బయటి వ్యాసం సుమారు 4.6 మిల్లీమీటర్లు, తొడుగుతో కలిపి దాదాపు 7 మిల్లీమీటర్లు ఉంటుంది.

సిగ్నల్ కేవలం నడిమి తీగలో పోదు. ఆ తీగకూ రేకుకూ మధ్య ఉన్న ఫోమ్‌లోని ఖాళీలో, ఆ రెండు లోహాలనూ గట్లుగా చేసుకుని అలలా ప్రయాణిస్తుంది. కాలువలో నీళ్లు పారినట్టే. కాలువ వెడల్పు ఒకేలా ఉన్నంతసేపు నీళ్లు నిమ్మళంగా పోతాయి. ఒకచోట గట్టు కూలి వెడల్పు మారితే అక్కడ అల తిరగబడి కొంత వెనక్కి వస్తుంది. కేబుల్‌లో ఆ వెడల్పును నిర్ణయించేవి రెండు: నడిమి తీగ మందానికీ, దాని చుట్టూ ఉన్న రేకు వ్యాసానికీ మధ్య నిష్పత్తి, ఆ మధ్యలో నింపిన పదార్థం. ఈ రెండూ కలిసి ఇచ్చే లెక్కనే ఇంపీడెన్స్ అంటారు. టీవీ కేబుళ్లకు అది 75 ఓంలు. వైర్‌లెస్ సెట్లకు, రేడియో పరికరాలకు వాడే కేబుళ్లకు చాలావరకు 50 ఓంలు.

ఈ 75 ఓంలను మల్టీమీటర్‌తో కొలవడం కుదరదు. మంచి కేబుల్‌కు రెండు చివరలూ వదిలేసి, తీగకూ జాలీకీ మధ్య మీటర్ పెడితే ఏ విలువా చూపించదు, ఎందుకంటే ఆ రెండూ ఒకదానికొకటి తగలవు. కేబుల్ మీద 75 అని రాసి ఉండి, మీటర్‌లో అది రాకపోతే వైరు పాడైందనుకుని పారేసేవాళ్లు ఉన్నారు. అది అలకు ఎదురయ్యే విలువ, బ్యాటరీ కరెంటుకు ఎదురయ్యేది కాదు. మీటర్ బీప్ మనడం వల్ల తెలిసేది తీగ తెగలేదని మాత్రమే. గట్టు సరిగా ఉందో లేదో ఆ శబ్దం చెప్పదు.

మెలిపెట్టిన ముడి దగ్గర జరిగేది సరిగ్గా ఇదే. నాలుగైదు సెంటీమీటర్ల మేర ఫోమ్ ఉండదు, చుట్టూ రేకు ఉండదు. నడిమి తీగ ఒక పక్కగా, జాలీని మెలిపెట్టిన పాయ ఇంకో పక్కగా పోతాయి. ఆ కాస్త దూరంలో ఇంపీడెన్స్ 75 నుంచి రెట్టింపు దాకా, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. 150 ఓంలు అయిందనుకుంటే, 75 నుంచి 150లోకి అడుగుపెట్టే హద్దు దగ్గర వచ్చిన శక్తిలో తొమ్మిదో వంతు వెనక్కి తిరుగుతుంది. ముడి దాటి మళ్లీ 75లోకి వచ్చేచోట ఇంకో హద్దు ఉంది. ఈ రెండు హద్దుల నుంచి తిరిగొచ్చిన అలలు కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కొన్నింటి దగ్గర కలిసి బలపడతాయి. అందుకే చానెళ్లన్నీ ఒకేలా దెబ్బతినవు.

అప్పట్లో ముడి ఎందుకు పనిచేసింది?

"మా నాయన కాలం నుంచి ఇట్లే ముడేస్తా ఉండాం, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు" అనే మాట రాయలసీమలో వినిపిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు. మారింది కేబుల్ మోస్తున్న బరువు.

అలకు ఒక పొడవు ఉంటుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. ఫోమ్ కేబుల్‌లో సిగ్నల్ కాంతి వేగంలో సుమారు 85 శాతం వేగంతో పోతుంది. ఆ లెక్కన 50 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు సుమారు 5 మీటర్లు. 5 సెంటీమీటర్ల ముడి అందులో నూరో వంతు. అంత పెద్ద అలకు అంత చిన్న గతుకు తగిలినట్టే ఉండదు. 800 మెగాహెర్ట్జ్‌కు వస్తే అల 32 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది, ముడి అందులో ఆరో వంతు అవుతుంది. 2000 మెగాహెర్ట్జ్ దగ్గర అల 13 సెంటీమీటర్లు కూడా ఉండదు. 5 సెంటీమీటర్ల ముడి అక్కడ గతుకు కాదు, తెగిన వంతెనే.

మన దేశంలో కేబుల్ టీవీ ఊపందుకున్నది 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత. అప్పట్లో ఆపరేటర్లు ఇచ్చే చానెళ్లు కొద్ది, వాటి ఫ్రీక్వెన్సీలూ తక్కువ. పైగా అవి అనలాగ్ చానెళ్లు. సిగ్నల్ కొంచెం తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, తిరిగొచ్చిన అల వల్ల మనిషి పక్కన నీడలా ఇంకో మనిషి కనిపించేవాడు. చూసేవాళ్లు సర్దుకుపోయేవారు. 1995లో కేబుల్ టీవీ నియంత్రణ చట్టం వచ్చింది. 2011లో ఆ చట్టాన్ని సవరించి డిజిటల్‌కు మారాలని తప్పనిసరి చేశారు. చివరి దశ గడువు 2017 మార్చి 31తో ముగిసింది. ఇప్పుడు కేబుల్‌లో వాడే పరిధి 862 మెగాహెర్ట్జ్ దాకా ఉంది. డిష్ అయితే మరీ పైన. దాని ముందున్న ఎల్ఎన్‌బీ అనే చిన్న పెట్టె ఆకాశం నుంచి వచ్చిన సిగ్నల్‌ను 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్యకు దించి వైరులోకి పంపుతుంది.

డిజిటల్‌లో ఇంకో చిక్కు ఉంది. సిగ్నల్ తగ్గుతున్నంతసేపు బొమ్మ చెక్కు చెదరకుండా వస్తుంది. ఒక హద్దు దాటగానే గళ్లుగా విడిపోయి, ఆ వెంటనే పూర్తిగా పోతుంది. కాబట్టి బొమ్మ బాగుందంటే ముడి బాగుందని అర్థం కాదు. అది గట్టు అంచున నిలబడి ఉండొచ్చు. వాన పడి తేమ చేరగానే దొర్లిపోతుంది.

ఏ చానెళ్లు పోయాయో చూస్తే చాలు, సగం తెలుస్తుంది

మెకానిక్ దగ్గర సిగ్నల్ మీటర్ లేకపోయినా, పోయిన చానెళ్లను బట్టి దెబ్బ ఏ రకమో ఊహించవచ్చు. ఇది చాలామంది వాడని ఆనవాలు.

నడిమి తీగ లోపల విరిగి, రెండు కొసల మధ్య వెంట్రుకంత ఖాళీ ఉందనుకుందాం. ఆ ఖాళీ ఒక చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తుంది. పై ఫ్రీక్వెన్సీలు దాన్ని దూకేస్తాయి, కింది ఫ్రీక్వెన్సీలు ఆగిపోతాయి. కేబుల్ కనెక్షన్‌లో కింది ఫ్రీక్వెన్సీ చానెళ్లు మాత్రమే పోతే విరిగిన తీగనో, వదులైన కనెక్టర్‌నో అనుమానించాలి. నీళ్లు దిగితే ఇందుకు ఎదురు జరుగుతుంది. పై ఫ్రీక్వెన్సీలు ముందు పోతాయి, కిందివి చాలాకాలం బతుకుతాయి. ఏ చానెల్ ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో సెట్‌టాప్ బాక్స్ మెనూలో చూపించేవి ఉన్నాయి. చానెల్ నంబరుకూ ఫ్రీక్వెన్సీకీ సంబంధం ఉండదు కాబట్టి నంబరు చూసి లెక్క వేయకూడదు.

డిష్‌లో ఇంకో సంగతి. అదే వైరులో సిగ్నల్ కిందికి వస్తుంటే, బాక్స్ నుంచి ఎల్ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు పైకి పోతుంది. ఆ వోల్టేజీని బట్టే ఎల్ఎన్‌బీ రెండు వరుసల చానెళ్లలో ఏది పంపాలో ఎంచుకుంటుంది. తీగ విరిగితే కరెంటు ఆగి అన్నీ ఒకేసారి పోతాయి. జాలీలోని ఒక్క వెంట్రుక లాంటి పోగు నడిమి తీగకు తగిలినా షార్ట్ అయి అదే జరుగుతుంది. ముడి దగ్గర తుప్పుపట్టి వోల్టేజీ తగ్గితే ఒక వరుస చానెళ్లు మాత్రమే ఉండి, రెండో వరుస మాయమవుతుంది. ఇది చూసి డిష్ కదిలిందనుకుని తిప్పేస్తే, ఉన్నవి కూడా పోతాయి.

జాలీ తెగిన చోట సిగ్నల్ బయటికి పోవడమే కాదు, బయటిది లోపలికి వస్తుంది. 700 మెగాహెర్ట్జ్ చుట్టూ ఇప్పుడు సెల్ టవర్లు పనిచేస్తున్నాయి. కేబుల్ టీవీ కూడా అదే పరిధిని వాడుతుంది. రేకు, జాలీ నిండుగా ఉన్నంతవరకు ఒకదాని గొడవ ఒకదానికి ఉండదు. టేపు కింద విప్పి ఉన్న ముడి మాత్రం చిన్న యాంటెన్నాలా పనిచేస్తుంది. సిగ్నల్ నిండుగా ఉన్నా ఒకటి రెండు చానెళ్లు మాత్రం పదేపదే పగులుతుంటే ఈ కోణం చూడాలి.

ఎండ, వాన, కోతులు, ఊరేగింపులు

కర్నూలు, అనంతపురం, కడప లాంటి ఊళ్లలో కేబుల్‌కు పెద్ద శత్రువు వాన కంటే ఎండే. వేసవిలో 40 డిగ్రీలు దాటడం కర్నూలు, కడపల్లో మామూలు. నాపరాతి మిద్దె మీద, గచ్చు మీద ఆనుకుని ఉన్న వైరు గాలి కంటే ఎక్కువ వేడిని మోస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తాయి. ఆరుబయట వేసే మంచి కేబుల్ నల్లగా ఉండేది అందుకే. తొడుగులో కలిపిన కార్బన్ మసి ఆ కిరణాలను పైపైనే ఆపేస్తుంది. గోడల రంగుకు కలుస్తుందని తెల్ల కేబుల్‌ను మిద్దె మీద పరిస్తే, అది త్వరగా పగుళ్లు తీస్తుంది. టేపు పరిస్థితి ఇంకా కష్టం. మామూలు పీవీసీ టేపు జిగురు ఎండకు కరిగి, టేపు జారి ముడి బయటపడుతుంది.

అనంతపురంలో ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అంత తక్కువ వానకు నీళ్ల సమస్య ఎందుకని అనిపించవచ్చు. ఎండాకాలం పొడవునా పగిలిన తొడుగులోకి మొదటి వానే దిగుతుంది. అల్లిక జాలీ దీపపు వత్తిలా నీటిని పీల్చుకుంటుంది. ఒకచోట దిగిన నీళ్లు జాలీ వెంబడే ముందుకు పాకుతాయి, వాలు ఉంటే ఇంకా వేగంగా. అల్యూమినియం తెల్లటి పొడిగా, రాగి పచ్చటి చిలుముగా మారుతుంది. అసలు నష్టం ఇంపీడెన్స్‌కు. ఫోమ్‌కు ఉండే డైఎలక్ట్రిక్ విలువ ఒకటిన్నర దగ్గర, నీటికి 80 దగ్గర. కాలువ మధ్యలో బురద మేట వేసినట్టు అవుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినట్టు నీళ్లలో రోజుల తరబడి నానిన కేబుల్‌ను ఎండబెట్టి వాడాలనుకోవడం దండగ. పైకి ఆరినా జాలీ లోపల తుప్పు ఆగదు.

రోడ్డు దాటే వైర్లకు తగిలే దెబ్బ వేరు. ఆదోని వైపు పత్తి బోరేల లారీలు, అనంతపురం పల్లెల్లో వేరుశనగ కట్టె నింపిన ట్రాక్టర్లు ఎత్తుగా వస్తాయి. కర్నూలులో వినాయక నిమజ్జనానికి కేసీ కాలువ ఘాట్ వైపు సాగే పెద్ద విగ్రహాల ముందు కర్రలతో వైర్లు ఎత్తిపట్టే కుర్రాళ్లు కనిపిస్తారు. అలా లాగినప్పుడు కేబుల్ తెగకపోవచ్చు. లోపలి తీగ సాగి సన్నబడుతుంది, కర్ర ఆనిన చోట ఫోమ్ నలుగుతుంది. తొడుగు మీద గీత కూడా ఉండదు. తెగిన వైరు దొరుకుతుంది గానీ ఇలా నలిగిన వైరును పట్టుకోవడమే అన్నిటికంటే కష్టం.

సరైన జాయింటు

పని మొదలుపెట్టే ముందు బాక్స్ ప్లగ్ తీసేయాలి. మిద్దె మీదో, స్తంభం దగ్గరో అయితే జాలీని టెస్టర్‌తో తాకి చూడాలి. కరెంటు లైను పక్కనే పోయే వైర్లలో లీకేజీ రావడం అరుదేమీ కాదు. ఆపరేటర్ల యాంప్లిఫయర్లకు కరెంటును కొన్నిచోట్ల కేబుల్‌లోనే పంపుతారు. కాబట్టి వీధి లైను జోలికి ఇంటివాళ్లు పోకూడదు. ఆ పని ఆపరేటర్ మనుషులదే.

దెబ్బ తగిలిన చోటు నుంచి రెండు వైపులా, రేకు మెరుస్తూ జాలీ పొడిగా కనిపించేదాకా కోసుకుంటూ పోవాలి. చాలా జాయింట్లు ఈ దశలోనే చెడిపోతాయి. వైరు పొట్టి అవుతుందని పొదుపు చేసి, చిలుము పట్టిన జాలీ మీదే కనెక్టర్ బిగిస్తారు. పొడవు చాలకపోతే మధ్యలో కొత్త ముక్క వేసి రెండు జాయింట్లు చేసినా నష్టం లేదు.

తర్వాత కొస చెక్కడం. నడిమి తీగ 8 మిల్లీమీటర్లు, జాలీ 6 మిల్లీమీటర్లు బయటికి రావాలి. ఫోమ్‌కు అంటుకున్న రేకును తీయకూడదు. జాలీని వెనక్కి, తొడుగు మీదికి మడవాలి. ఒక్క పోగు కూడా ముందుకు మిగలకూడదు. రెండు వైపులా బ్లేడ్లున్న స్ట్రిప్పర్ తక్కువ ధరకే దొరుకుతుంది, దాంతో ఈ కొలతలు వాటంతట అవే వస్తాయి. కత్తితో చెక్కితే ఒక ప్రమాదం ఉంది. చాలా ఆర్‌జీ-6 కేబుళ్లలో నడిమి తీగ పూర్తి రాగి కాదు, ఉక్కు మీద రాగి పూత. పై ఫ్రీక్వెన్సీల కరెంటు లోహం పైపొరలోనే పోతుంది. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొర మందం మిల్లీమీటరులో దాదాపు ఐదు వందలో వంతు. అందుకే పూత సరిపోతుంది, అందుకే ఆ పూతను గీకకూడదు. తెల్లటి ఫోమ్ పొర అంటుకుని ఉంటే గోటితో తీయాలి, బ్లేడుతో కాదు.

ఇక ఎఫ్ కనెక్టర్. ఊళ్లో పిన్ను అంటారు గానీ, అందులో పిన్నుగా పనిచేసేది కేబుల్ నడిమి తీగే. దుకాణాల్లో మూడు రకాలు ఉంటాయి. చేత్తో తిప్పి ఎక్కించేది తేలిక, కానీ ఎండకు తొడుగు సాగి కుదించుకున్నప్పుడల్లా వదులవుతుంది. ఇంటి లోపల తాత్కాలికంగా పనికొస్తుంది, మిద్దె మీద వద్దు. నొక్కి బిగించే క్రింప్ రకం దానికంటే మేలు. కంప్రెషన్ రకం చుట్టూ సమానంగా అదిమి పట్టి, నీటిని కూడా ఆపుతుంది. ఆరుబయట ఇదొక్కటే నమ్మదగింది. ఇంకాస్త సన్నటి ఆర్‌జీ-59 రకం కేబుల్‌కు చేసిన కనెక్టర్ ఆర్‌జీ-6 మీదికి ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే ఫోమ్ నలుగుతుంది. ఫోమ్ అంచు కనెక్టర్ లోపలి అడుగుతో సమంగా వచ్చిందో లేదో ముందు వైపు నుంచి చూసుకోవాలి.

ఇలాంటి రెండు కనెక్టర్ల మధ్య జాయినర్ వస్తుంది. బయట బిగించే రెండు మరలు, లోపల తీగను పట్టుకునే స్ప్రింగు, అంతే. డిష్ వైరుకైతే 3 గిగాహెర్ట్జ్ రకం అడగాలి. పాత రకం 1 గిగాహెర్ట్జ్ వరకే సరిపోతుంది. సిగ్నల్ తరుగును డెసిబెల్స్‌లో లెక్కిస్తారు, మూడు పోతే సగం పోయినట్టు. సరిగ్గా చేసిన జాయింటులో పోయే సిగ్నల్ అర డెసిబెల్ కంటే తక్కువ. రెండు టీవీలకు పంచే స్ప్లిట్టర్‌లో మూడున్నర డెసిబెల్స్ పోతాయి. జాయింటు వేస్తే సిగ్నల్ చచ్చిపోతుందనే భయం అక్కర్లేదు, చెడ్డ జాయింటుకే భయపడాలి.

మిద్దె మీది జాయింటుకు తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ, కింది నుంచి పైకి ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా చుట్టాలి. పెంకులు కప్పినట్టు పై పొర కింది పొరను కప్పితే నీళ్లు జారిపోతాయి. దాని మీద మామూలు టేపు ఎండకు అడ్డంగా వేయవచ్చు. జాయింటుకు ముందు వైరును కిందికి చిన్న ఉయ్యాలలా వదిలితే, వైరు వెంట వచ్చే వాన చుక్క అక్కడే రాలిపోతుంది. కిటికీ దగ్గర కూడా ఇదే పద్ధతి. ఎక్కడా 7 సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే చిన్న వంపు తిప్పకూడదు.

అతకాలా, మార్చాలా?

డిష్ నుంచి టీవీ దాకా ఇళ్లలో ఉండేది సాధారణంగా 15, 20 మీటర్లే. తెగింది ఒక్కచోట, తొడుగు మెత్తగా ఉంది, లోపల పొడిగా ఉంది అంటే అతకడమే సరి. మూడు చోట్ల పగుళ్లున్నా, కోసేకొద్దీ పచ్చటి చిలుమే వస్తున్నా మార్చడం మేలు. అతికినా పక్క వానాకాలానికి మళ్లీ అదే పని. నలిగిన చోటు ఎక్కడో తెలియని కేబుల్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఆపరేటర్లు మాత్రం దాని దూరాన్ని కనుక్కోగలరు. టీడీఆర్ అనే పరికరం వైరులోకి క్షణకాలపు విద్యుత్ పల్స్‌ను పంపి, అది దెబ్బతిన్న చోట తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన కాలాన్ని లెక్కిస్తుంది. నీళ్లు బావిలో ఎంత లోతున ఉన్నాయో రాయి వేసి వినడం లాంటిదే.

పొడవు పెరిగితే రకం కూడా మార్చాలి. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకు ఆర్‌జీ-59లో సుమారు 27 డెసిబెల్స్, ఆర్‌జీ-6లో 21, లావుపాటి ఆర్‌జీ-11లో 14 పోతాయి. వీధి చివరి స్తంభం నుంచి ఇంటికి ఎనభై మీటర్లు లాగిన వైరులో ఎంత మంచి జాయింటు వేసినా, కేబుల్ రకం తప్పైతే ఫలితం ఉండదు.

సీసీ కెమెరాలకూ ఇదే లెక్క

దుకాణాల్లో, అపార్టుమెంట్లలో కెమెరాలకు వాడే 'త్రీ ప్లస్ వన్' వైరులో ఒక కోయాక్సియల్, మూడు మామూలు తీగలు కలిసి ఉంటాయి. ఇక్కడ కూడా కోయాక్సియల్‌ను మెలిపెట్టకూడదు. బీఎన్‌సీ కనెక్టర్లు, వాటి జాయినర్ వాడాలి. ఒక తేడా గమనించాలి. బొమ్మ రాత్రిపూట మాత్రమే పోతుంటే, అది కోయాక్సియల్ తప్పు కాకపోవచ్చు. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. పక్కనే ఉన్న సన్నటి కరెంటు తీగలో 12 వోల్టులు కాస్తా తగ్గిపోతాయి. కోయాక్సియల్ జాయింటును పదిసార్లు విప్పి వేసినా ఈ జబ్బు తగ్గదు.

ఫైబర్ వచ్చాక

2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, ఆ తర్వాత ప్రైవేటు కంపెనీల లైన్లు కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్‌ను ఊళ్లలోకి తెచ్చాయి. ఫైబర్‌కు తుప్పు లేదు, సెల్ టవర్ గొడవ లేదు. కానీ తెగితే ఇంట్లో అతకడం కుదరదు. రెండు గాజు పోగులను కరిగించి కలిపే స్ప్లైసింగ్ మిషన్ కావాలి. కోయాక్సియల్‌ను ఒక స్ట్రిప్పర్, ఒక కంప్రెషన్ ప్లయర్, రెండు కనెక్టర్లతో మిద్దె మీదే బాగుచేయవచ్చు. డిష్ నుంచి బాక్స్‌కు, పాత కేబుల్ ఆపరేటర్ స్తంభం నుంచి ఇంటికి ఇప్పటికీ పోతున్నది ఈ వైరే.